రిటైరైన వాళ్ళతో జాగ్రత్త!

ఉగాది సావనీర్‌కి వ్యాసం రాయమని కమిటీ వారు అడిగినప్పుడల్లా డాక్టర్ల వాటాకి వచ్చేవి మూడే మూడు: బి.పి., షుగరు, కొలెస్టరాల్. ఒక చేతిలో పులిహోర, ఇంకో చేతిలో బొబ్బట్టు పట్టుకుని మన సభ్యులు వాటిని ఎంత శ్రద్ధగా చదువుతారో నాకు తెలుసు. అందుకని ఈసారి ఓ ఇంగ్లీషు సినిమా గురించి రాస్తానన్నాను. "మెదడు డాక్టరుకి సినిమాలతో ఏం పనండీ?" అన్నారు. పని ఉంది. ఈ సినిమాకీ, అందులో హీరోకీ, మన ఇళ్ళల్లోని పెద్దవాళ్ళకీ ఒక సంబంధం ఉంది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సినిమా పేరు 'రెడ్'. 2010 అక్టోబరులో విడుదలైంది. పేరు చూసి మన ఆర్. నారాయణమూర్తి గారి ఎర్ర సినిమాల బాపతు అనుకునేరు! ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలకీ పూర్తి రూపం 'రిటైర్డ్, ఎక్స్‌ట్రీమ్లీ డేంజరస్'. అంటే, 'రిటైరయ్యాడు, మహా ప్రమాదకరం' అని. సి.ఐ.ఎ. వాళ్ళు తమ దగ్గర పనిచేసి దిగిపోయిన కొందరి ఫైళ్ళ మీద వేసే ముద్ర అది. సినిమాలోనే లెండి. హీరో బ్రూస్ విల్లిస్. అప్పటికి ఆయనకి 55 ఏళ్ళు. 1983లో ఎన్.టి. రామారావు గారు మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు వయస్సుని 58 నించి 55కి దించి ఎంత గొడవ తెచ్చుకున్నారో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ లెక్కన విల్లిస్ సరిగ్గా రిటైరవ్వాల్సిన ఏట వచ్చిన సినిమా ఇది.

చెక్కు చింపిన మనిషి

కథ చాలా మందికి తెలిసే ఉంటుంది. తెలియని వారి కోసం క్లుప్తంగా చెబుతాను.

ఫ్రాంక్ మోసెస్ ఒకప్పుడు సి.ఐ.ఎ.లో మహా గట్టివాడు. ఇప్పుడు ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ దగ్గర ఓ ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. భార్య లేదు, పిల్లలు లేరు, పని లేదు. పోస్టులో పెన్షన్ చెక్కు వస్తుంది. దాన్ని శుభ్రంగా చింపేస్తాడు. చింపేసి, కాన్సస్ సిటీలోని పెన్షన్ ఆఫీసుకి ఫోన్ చేసి చెక్కు రాలేదని చెబుతాడు. అవతల ఫోన్ ఎత్తే సారా అనే అమ్మాయితో కాసేపు మాట్లాడటానికి అదొక వంక. ఆమె చదివే నవలలే ఈయనా చదువుతాడు. అవకాడో మొక్క గురించి ఇద్దరూ ముచ్చటించుకుంటారు. అంతే, అంతకు మించి ఏమీ లేదు.

మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ సినిమా ఇద్దరం కలిసి టీవీలో చూశాం. ఆయన ఆంధ్రలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. పెన్షన్ కోసం ఏటా 'నేను బతికే ఉన్నాను' అని లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చుకునే మనిషి. తెర మీద చెక్కు చిరగగానే సోఫాలో నిటారుగా కూర్చున్నారు. "ఒరేయ్, వీడికి మన ట్రెజరీ ఆఫీసు తగల్లేదురా! చింపిన చెక్కుకి ఇంకో చెక్కు పుట్టాలంటే ఎన్ని సంతకాలు, ఎంత తిరుగుడు!" అని పకపకా నవ్వారు. ఓ నిమిషం పోయాక, నవ్వు ఆపి, "అయినా వాడికి కావలసింది డబ్బు కాదులే" అన్నారు. ఇంగ్లీషు సినిమా సంభాషణలు ఆయనకి సగం కూడా అందవు. కానీ సినిమాలో అసలు సంగతి మాత్రం పది నిమిషాల్లో అందింది.

ఆ తరవాత కథ పరిగెడుతుంది. ఒక రాత్రి తుపాకులతో ఓ ముఠా ఫ్రాంక్ ఇంటి మీద పడుతుంది. మనవాడు కంగారు పడడు. వంటింట్లో స్టవ్ మీద మూకుడు పెట్టి అందులో తూటాలు పోస్తాడు. మన ఆడవాళ్ళు తాలింపులో ఆవాలు వేసినట్టే! అవి చిటపటమని పేలుతుంటే లోపల ఎవరో కాలుస్తున్నారనుకుని వాళ్ళు అటు తిరుగుతారు. ఈయన ఇటునించి వాళ్ళ పని పడతాడు. ఆ ఫోన్ల వల్ల సారా ప్రాణానికి కూడా ముప్పు వచ్చిందని గ్రహించి, కాన్సస్ సిటీ వెళ్ళి, ఆమె రానంటే బలవంతంగానైనా తీసుకుని బయలుదేరతాడు.

ఇక పాత మిత్రుల వేట. న్యూ ఆర్లియన్స్‌లో వృద్ధాశ్రమంలో ఉన్న జో (మోర్గన్ ఫ్రీమన్). వయస్సు 80, లివర్ కాన్సర్. ఫ్లోరిడాలో లోకానికి దూరంగా దాక్కున్న మార్విన్ (జాన్ మాల్కోవిచ్). పూర్వం అతని మీద మత్తుమందు ప్రయోగాలు చేశారు కాబట్టి ఆకాశంలో హెలికాప్టరు కనబడినా అనుమానమే. నవ్వు తెప్పించేది ఏమిటంటే, అతని అనుమానాలు చాలా వరకూ నిజమవుతాయి! పువ్వులు సర్దుకుంటూ, అతిథులకి గదులు అద్దెకిచ్చుకునే పెద్దావిడ విక్టోరియా (హెలెన్ మిరెన్). ఒకప్పటి బ్రిటిష్ గూఢచారిణి. ఊరికే కూర్చోలేక అప్పుడప్పుడూ చేతిపని కొనసాగిస్తూంటుందిట. ఆవిడ్ని ప్రేమించిన రష్యన్ గూఢచారి ఇవాన్ (బ్రయాన్ కాక్స్). పై అధికారుల ఆజ్ఞ మీద ఆవిడ అతని గుండెల మీద మూడు సార్లు కాల్చింది. నిజంగా ప్రేమ లేకపోతే తల మీదే కాల్చేదని అతని నమ్మకం! వీళ్ళందరినీ చంపించాలని చూస్తున్నది ఎవరయ్యా అంటే, దేశపు వైస్ ప్రెసిడెంటు. 1981లో గ్వాటెమాలాలో జరిగిన ఒక పాపం బయట పడకూడదని అతని తాపత్రయం.

ఈ కథకి మూలం వారెన్ ఎల్లిస్ రాసి, కల్లీ హామ్నర్ బొమ్మలు వేసిన కామిక్ పుస్తకం. 2003లో మొదలై మూడు భాగాలుగా వచ్చింది. అందులో ఈ సరదా లేదు. ఒంటరివాడు, అతని పగ, నెత్తురు, అంతే. సినిమా తీసిన రాబర్ట్ ష్వెంట్కే బృందం దానికి మిత్రుల్ని చేర్చింది, నవ్వుని చేర్చింది. ఆ చేర్చడంలోనే సినిమా ప్రాణం ఉంది. ఈ ముసలివాళ్ళకి బలం తగ్గలేదు, తెలివి తగ్గలేదు. తగ్గినది ఒక్కటే, పలకరింపు. ఒకడు తలుపు తట్టి, "నీతో పని పడింది, రా" అనగానే అందరూ లేచి వచ్చారు.

రంగు వెయ్యని వయస్సు

వయస్సు మళ్ళిన హీరోలు మనకి కొత్త కాదు. విల్లిస్ పుట్టిన 1955లోనే మన చిరంజీవి గారు కూడా పుట్టారు. 2023 సంక్రాంతికి 'వాల్తేరు వీరయ్య'లో, 67 ఏళ్ళ వయస్సులో, లుంగీ ఎగ్గట్టి ఆయన వేసిన స్టెప్పులకి ఇక్కడి థియేటర్లలో మనవాళ్ళు ఎగరేసిన కాగితం ముక్కలు ఊడ్చేవాళ్ళకే తెలుసు. అదే ఏడు ఆగస్టులో రజనీకాంత్ గారి 'జైలర్' వచ్చింది. ఆయన అందులో రిటైరైన జైలరు, తాతగారు కూడా. నెమ్మదిగా మన వైపు కూడా హీరోకి వయస్సు మళ్ళిందని ఒప్పుకునే రోజులు వస్తున్నాయి. కానీ మనం సాధారణంగా చేసేది ఏమిటి? జుట్టుకి రంగు వేసి, పక్కన చిన్న వయస్సు హీరోయిన్ని నిలబెట్టి, కాలాన్ని ఓ రెండున్నర గంటలు బయట కూర్చోబెడతాం.

'రెడ్' అలా చెయ్యదు. రిటైరన్న మాట పేరులోనే పెట్టుకుంది. విల్లిస్ గుండు గుండులాగే ఉంటుంది. విడుదలనాటికి 65 ఏళ్ళున్న హెలెన్ మిరెన్ తెల్లటి గౌను వేసుకుని మెషీన్ గన్ పేలుస్తుంది, కానీ పాతికేళ్ళ పిల్లలాగా కనబడటానికి ప్రయత్నించదు. సి.ఐ.ఎ. రహస్య పత్రాల గది కాపలాదారుగా వేసిన ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్‌కి అప్పటికి 93 ఏళ్ళు! ఆ సినిమాకి ప్రపంచం మొత్తం మీద సుమారు 20 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. 2013లో రెండో భాగం కూడా వచ్చింది.

మాటతో బతికిన మనిషి

ఇప్పుడు హీరో దగ్గరికి వస్తాను. విల్లిస్ అనగానే బిల్డింగుల మీంచి దూకడం, తుపాకులు, నెత్తురోడే బనీను గుర్తొస్తాయి. కానీ ఆయన అసలు పెట్టుబడి కండలు కాదు, మాట.

న్యూ జెర్సీలో పెరిగిన విల్లిస్‌కి చిన్నప్పుడు గట్టి నత్తి. స్కూల్లో నాటకంలో వేషం వేసినప్పుడు, స్టేజీ మీద ఇంకొకడి మాటలు చెబుతుంటే నత్తి పోయింది. ఆ దారి పట్టుకునే నటుడయ్యాడు. 1985లో మొదలైన 'మూన్‌లైటింగ్' టీవీ సీరియల్లో పేరు తెచ్చుకున్నది చేతులతో కాదు, నోటితోనే. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేలోగా నాలుగు మాటలు వేసే డిటెక్టివ్ వేషం. 1988లో 'డై హార్డ్' వచ్చింది. స్టాలోన్, ష్వార్జ్‌నెగర్ కండలు తిప్పుతున్న ఆ రోజుల్లో ఈయన ఉత్త కాళ్ళతో గాజు పెంకుల మీద నడుస్తూ, నొప్పితో మూలుగుతూ, తనలో తాను జోకులు వేసుకుంటూ దొంగల్ని పట్టాడు. దెబ్బ తింటూ నవ్వించే హీరో అంటే జనానికి అప్పుడు తెలిసింది. 'రెడ్'లో కూడా అంతే. పెద్దగా అరవడు. ఓ కనుబొమ్మ, ఓ చిన్న మాట.

2022 మార్చి 30న ఆయన కుటుంబం ఒక ప్రకటన చేసింది. విల్లిస్‌కి అఫేజియా అనే జబ్బు ఉందని, నటన నించి తప్పుకుంటున్నాడని. 2023 ఫిబ్రవరిలో ఆ జబ్బుకి పూర్తి పేరు తెలిసిందని చెప్పారు: ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా. నత్తిని గెలిచి, మాటతో బతికిన మనిషికి మాటే దూరమవడం మొదలైంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అంతకు ముందు రెండు మూడేళ్ళలో ఆయన వరసపెట్టి చిన్న చిన్న సినిమాలు చేశాడు. వాటిలో ఆయన నటన చూసి జనం వెక్కిరించారు. ఏటా చెత్త సినిమాలకి బహుమతులిచ్చే 'రాజీ' వాళ్ళయితే 2021లో విల్లిస్ నటించిన ఎనిమిది సినిమాలకీ కలిపి ప్రత్యేకంగా ఓ విభాగమే పెట్టారు. కుటుంబం ప్రకటన వచ్చిన మర్నాడే దాన్ని వెనక్కి తీసుకున్నారు. అది మర్యాదే. కానీ జబ్బుకి పేరు తెలియనంత కాలం చూసేవాళ్ళకి అది బద్ధకంలాగా, డబ్బాశలాగా కనబడిందన్న మాట మనం గుర్తుంచుకోవాలి. అది హాలీవుడ్‌లోనే కాదు, మన ఇళ్ళల్లో కూడా జరుగుతుంది.

మతిమరుపు కాదు, మాట మరుపు

మా పెద్ద మావయ్య తెనాలిలో ఉండేవాడు. పెళ్ళిళ్ళలో ఆయన చుట్టూ పది మంది చేరకుండా భోజనాలు లేచేవి కావు. అంత మాటకారి. అలాంటి మనిషి 62వ ఏట నెమ్మదిగా మాట తగ్గించాడు. గ్లాసు అనటానికి "నీళ్ళు తాగేది" అనేవాడు. కొన్నాళ్ళకి అన్నీ "అది" అయిపోయాయి. "అది ఇలా ఇవ్వు, అది అక్కడ పెట్టు." ఇంట్లో కొందరు గర్వం అన్నారు. కొందరు పొలం పంపకాల్లో కోపం వచ్చిందన్నారు. ఓ చెవి మిషను కూడా కొన్నారు. దారులు మర్చిపోలేదు, డబ్బు లెక్క తప్పలేదు, మనవళ్ళ పుట్టినరోజులు గుర్తున్నాయి. అంచేత జబ్బన్న అనుమానం ఎవరికీ రాలేదు. చివరికి ఒకనాడు మా అత్తయ్య ఫోన్‌లో, "మీ మావయ్య మనిషి బాగానే ఉన్నాడురా నాయనా, మాటలే అయిపోతున్నాయి" అంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి చెప్పిన ఆ ఒక్క వాక్యం, పాఠ్యపుస్తకంలో నేను చదివిన వర్ణన కన్నా సూటిగా ఉంది. హైదరాబాదులో న్యూరాలజిస్టుకి చూపించి స్కాన్ తీయిస్తే విల్లిస్‌కి వచ్చిన కోవ జబ్బే అని తేలింది.

అఫేజియా అంటే మెదడులో భాషని నడిపే భాగాలు దెబ్బతిని మాట పలకడం, వెతుక్కోవడం, అర్థం చేసుకోవడం కష్టమవడం. ఎక్కువ మందికి పక్షవాతం వల్ల హఠాత్తుగా వస్తుంది. మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా వెంటనే 911కి ఫోన్ చెయ్యాలి. పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకూడదు. రెండో రకం నెమ్మదిగా, నెలల తరబడి వస్తుంది. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో నుదురు, కణతల వెనక ఉండే మెదడు భాగాలు క్షీణిస్తాయి. తరచుగా 45, 65 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. అంటే మన అమ్మానాన్నల జబ్బే కాదు, మన జబ్బు కూడా. కొందరికి మాట పోతుంది. కొందరికి స్వభావం మారుతుంది. మర్యాదస్తుడు మోటుగా మాట్లాడతాడు, పిసినారి డబ్బు వెదజల్లుతాడు. జ్ఞాపకశక్తి మొదట్లో బాగానే ఉండవచ్చు. అల్‌జైమర్స్‌కీ దీనికీ పైకి కనబడే పెద్ద తేడా అదే. దీన్ని ఆపే మందు ఇంతవరకూ లేదు. మరి తెలుసుకుని ఏం లాభం అంటారేమో. లాభం ఉంది. కోపం, గర్వం, చెవుడు అన్న నిందలు పోతాయి. స్పీచ్ థెరపీతో ఉన్న మాటల్ని కొన్నాళ్ళు కాపాడుకోవచ్చు. ఆస్తి కాగితాలు, కారు తోలడం లాంటివి మనిషి తన అభిప్రాయం చెప్పగలిగినప్పుడే తేల్చుకోవచ్చు.

రెండు భాషల లెక్క

ఈ విషయంలో మన హైదరాబాదు పేరు ప్రపంచానికి తెలిసింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చిన వారికన్నా, తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు లాంటి భాషల్లో రెండో ఆపైనో వచ్చిన వారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువు రాని వారిలో కూడా ఈ తేడా కనబడింది. 2017లో వారే ఫ్రంటోటెంపోరల్ జబ్బుని విడిగా చూశారు. స్వభావం మార్చే రకంలో రెండు భాషల వారికి ఆలస్యం కనబడింది గానీ, మాట పోగొట్టే రకంలో కనబడలేదు. కనక తెలుగు నేర్పితే పిల్లలకి జబ్బులు రావని నేను చెప్పటం లేదు. భాష మెదడుకి వ్యాయామమే, రక్షరేకు కాదు.

ఇక్కడ మనకి పనికొచ్చే మాట వేరే ఉంది. రెండు భాషల మనిషికి మాట పోయేటప్పుడు రెండూ ఒకే వేగంతో పోవాలని లేదు. ఇంగ్లీషులో "ఐయామ్ ఫైన్, థాంక్యూ" అని డాక్టరు దగ్గర చక్కగా చెప్పే పెద్దాయన ఇంట్లో తెలుగులో 'తాళంచెవి' అన్న మాటకి తడుముకోవచ్చు. కాబట్టి పరీక్ష ఆయన బాగా వాడే భాషల్లో జరగాలి. ఈ దేశంలో మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే ఆస్పత్రులు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలని చట్టం ఉంది. ఫోన్ మీదైనా సరే, తెలుగు దుబాసీ కావాలని మొహమాటం లేకుండా అడగండి. పదేళ్ళ మనవణ్ణి మధ్యలో కూర్చోబెట్టి తాతగారి మెదడు పరీక్ష చేయించకండి. తాతగారికి తోచని మాట మనవడు ప్రేమకొద్దీ అందిస్తాడు, జబ్బు దాక్కుంటుంది.

ఊరికే చేశాను

'రెడ్' మళ్ళీ చూడండి. ఇంటికి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళతో కలిసి చూడండి. కాల్పులు బాగానే ఉంటాయి, అక్కడక్కడ మాటలు కాస్త ముతక, కనక చిన్నపిల్లలకి వద్దు. అర్థం కాని చోట తెలుగులో చెప్పండి. చెబుతూంటే వాళ్ళు కూడా తమ ఆఫీసు కథలు చెప్పడం మొదలుపెడతారు. ఇక్కడ ఆరు నెలలు ఉండటానికి వచ్చి, పగలంతా నలుగురూ బయటికి పోయాక గోడలతో మాట్లాడుకునే వాళ్ళకి, ఆ రెండు గంటలు పండగే.

వాళ్ళు అక్కడ, మనం ఇక్కడ అయితే ఫోన్ ఉంది. డాక్టరు చేతిలో స్టెతస్కోపు ఎంతో, ఈ విషయంలో మీ చేతిలో ఫోన్ అంత. "తిన్నావా, మందులు వేసుకున్నావా" అన్న ప్రశ్నలకి ఊఁ, ఆఁ అంటే సరిపోతుంది. వాటి వల్ల మాట సంగతి తెలియదు. "ఎదురింటి వాళ్ళ పెళ్ళి ఎలా జరిగింది? వంకాయ కాయ ఎలా కూరుతారు?" అని అడగండి. వాక్యాలు కూర్చి చెప్పవలసిన ప్రశ్నలు అడగండి. పేర్ల కోసం తడుముకోవడం ఈ వయస్సులో అందరికీ ఉన్నదే. మామూలు వస్తువుల పేర్లకి తడుముకున్నా, మాటకారి ఫోన్‌ని పక్కవాళ్ళ చేతికి ఇచ్చేస్తున్నా, ఆరు నెలల కిందటికీ ఇప్పటికీ తేడా తోచినా, డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఉన్నవాళ్ళ మాట వినండి. మా అత్తయ్యలాగా ముందు గ్రహించేది వాళ్ళే.

మన వాళ్ళు ఫ్రాంక్ మోసెస్‌లాగా మాటల కోసం చెక్కులు చింపే రకం కాదు. వేళకాని వేళ ఫోన్ చేసి, "ఏం లేదురా, ఊరికే చేశాను" అంటారు. ఆఫీసులో మీటింగుంటే మళ్ళీ చేస్తానని చెప్పండి, కానీ తప్పక చెయ్యండి. చేసినప్పుడు కాసేపు ఎక్కువసేపు మాట్లాడనివ్వండి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.